నట్టు విప్పెడు యంత్రము: మా యింటి బేరము

మోటారుబండ్ల పనిముట్లతో ఆడువారికేమి పని యని యీ శీర్షిక చూచి కొందరు సోదరీమణులు నవ్వుకొనవచ్చును. ఏడాది క్రిందటివరకు మేమును అట్లే యనుకొంటిమి. కాని మా పేర అప్పు తెచ్చి, ఆ డబ్బుతో కొనబోవు వస్తువు ఎట్టిదో మేమే యెరుగకుండుట తగునా యని తోచినది. ఆ విచారములో మేము నేర్చుకొన్న నాలుగు మాటలు మరి నలుగురికి పనికివచ్చునేమో యని యిక్కడ వ్రాయుచున్నాము.

మేమిద్దరము తోడికోడండ్రము. మా యూరు గాంధారి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా యేర్పడువరకు మాది నిజామాబాదు జిల్లాయే. మా యింటి అన్నదమ్ములు రోడ్డుప్రక్కన కార్లు, జీపులు, ఆటోలు బాగుచేయు షెడ్డు నడుపుచున్నారు. పెద్దవారు ఇక్కడనే పని నేర్చినవారు. చిన్నవారు ఈ ప్రాంతపు అనేకులవలె గల్ఫునకు పోయి, దుబాయిలో ఆరేండ్లు పనిచేసి తిరిగివచ్చిరి. షెడ్డు లెక్కల పుస్తకము మాత్రము మాచేతిలోనే యుండును.

గడచిన శ్రావణమాసములో ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలకు ఫోను మ్రోగినది. నొప్పులు పడుచున్న కోడలిని కారులో కామారెడ్డి ఆసుపత్రికి తీసికొనిపోవువారికి దారిలో టైరు పంక్చరయ్యెను. స్టెప్నీ యున్నది, జాకీ యున్నది, పానా యున్నది. నట్లు మాత్రము కదలవు. వారము క్రిందట ఎక్కడనో టైర్లు మార్చిన పనివాడు గాలిగన్నుతో వానిని మితిమీరి బిగించెనట. మావారు మోటారుసైకిలుమీద పోయి, ముందు ఆమెను ఆ దారిని వచ్చిన ఆటోలో ఎక్కించి పంపిరి. పిమ్మట పానాకు ఇనుపగొట్టము తొడిగి, వానలో దానిమీద నిలబడి త్రొక్కిరి. మూడు నట్లు వచ్చినవి. నాలుగవదాని దగ్గర గొట్టము జారి పెద్దవారి మణికట్టు బెణికినది, బోల్టు తెగినది. తల్లియు బిడ్డయు క్షేమముగ నుండిరి. కాని పెద్దవారు మూడువారములు పానా పట్టలేదు. ఆ మూడువారముల పుటలు మా లెక్కల పుస్తకములో నేటికిని వెలవెలబోవుచునే యున్నవి.

అప్పుడు పుట్టినది బాటరీతో నడచు ఇంపాక్టు రెంచి మాట. "వదినా, పెద్దదే కొందము. వెయ్యి న్యూటన్ మీటర్లది ఉన్నది. లారీ నట్టు కూడ ఎగిరిపోవును" అని చిన్నవారు. "అప్పు వలదు, గొట్టముతోనే గడుపుదము" అని పెద్దవారు. అప్పు మహిళాసంఘమునుండి మా యిద్దరి పేర తేవలసినది: ఏబదివేల రూపాయలు. నెలనెల తీర్చవలసినవారము మేము. కనుక కాగితము, కలము పట్టుకొని కూర్చుండి, "న్యూటన్ మీటరనగా నేమి?" అని మొదటి ప్రశ్న వేసితిమి.

చిన్నవారు నవ్విరి, కాని చక్కగనే చెప్పిరి. ఒక మీటరు పొడవుగల కడ్డీని నట్టునకు అడ్డముగ తగిలించి, దాని కొనను పదికిలోల బియ్యపుసంచి వ్రేలాడదీసినచో నట్టుమీద పడు త్రిప్పుబలము సుమారు నూరు న్యూటన్ మీటర్లు. చిన్నకార్ల చక్రపు నట్లను సాధారణముగ 85 మొదలు 110 వరకు బిగింతురు. లారీలకు 600 వరకును, అంతకు మించియు నుండును. తుప్పుపట్టిన నట్టునైనను, మితిమీరి బిగించినదానినైనను విప్పుటకు ఈ బలమునకు రెండు మూడింతలు కావలసివచ్చును.

అంతట మేము లెక్కల పుస్తకము తిరుగవేసితిమి. ఏడాదిలో మా షెడ్డున లారీచక్రము విప్పినది రెండేమారులు. మా అత్తమ్మ ప్రక్కన చిక్కుడుకాయలు ఒలుచుచు, "ఏడాదికి రెండు విందులకని పెద్ద గుండిగ కొందుమా? అడిగి తెచ్చుకొందుము గాని" అనెను. లారీలమాట అంతటితో తీరినది.

యంత్రము పనిచేయు తీరును అడిగి తెలిసికొంటిమి. లోపల మోటారు త్రిప్పు సమ్మెటవంటి ముక్క యొకటి, దాగలివంటి ముక్కను నిమిషమునకు రెండు మూడువేల సారులు కొట్టును. పచ్చడిసీసా మరమూత పట్టుకొనిపోయినప్పుడు బలముకొలది త్రిప్పుటకంటె అంచున గరిటెతో నాలుగు తట్టులు తట్టిన సులువుగ వచ్చును గదా! ఇదియు నట్టిదే. దెబ్బ నట్టుమీద పడును గాని పట్టినవారి చేతిని మెలిపెట్టదు. ఈ మాట వినగానే పెద్దవారు తమ మణికట్టు వంక చూచుకొని, అప్పు వలదను మాట మరల ఎత్తలేదు. గాలిగన్ను చౌకయే; కాని దానికి కంప్రెషరు, గొట్టము, కరెంటు కావలెను. చీకటిదారిలో నిలిచిన కారుకడకు కంప్రెషరు నడచిరాదు.

కొనునప్పుడు చూడవలసినవి కొన్ని కలవు. పెట్టెమీది అంకె రెండు విధములు: బిగించు బలము వేరు, విప్పు బలము వేరు. జపాను దేశపు మకిటావారి డి.టి.డబ్ల్యు. 300 అను యంత్రమునకు మొదటిది 330, రెండవది 580. ఒకరి విప్పుబలమును మరియొకరి బిగింపుబలముతో పోల్చిన మోసపోవుదుము. వోల్టులును అంతే. 18 అని యొకచోట, 20 మాక్స్ అని మరియొకచోట వ్రాసినను బాటరీ యొకటే: లోపలి అయిదు ఘటములు ఒక్కొక్కటి 3.6 చొప్పున 18. నిండుగ చార్జి చేసినప్పుడు సుమారు నాలుగేసి చొప్పున 20. బాటరీ, చార్జరు లేకుండ ఉత్త యంత్రమునకే ధర చెప్పువారును కలరు. ఆ రెండింటిని కలిపి అడుగవలెను. కార్బను బ్రష్షులు లేని మోటారైనచో అవి అరుగుట, మార్చుట అను బెడద యుండదు. సాకెట్లు కూడ మామూలు మెరుపుసాకెట్లు పనికిరావు. దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురును. ఇంపాక్టు పనికని చేసిన నల్లనివే కావలెను. కంటికి అద్దములును ఉండవలెను.

సికిందరాబాదు రాణిగంజిలో పనిముట్ల అంగళ్లకు నలుగురమును పోయితిమి. అంగడివాడు పెద్దయంత్రమునే ముందుంచెను. మేము రెండింటిని చేతబట్టి, చేయి చాచి నూరు లెక్కించితిమి. పెద్దదానితో అరువది దాటకముందే భుజము దిగజారినది. కారుక్రింద పండుకొని దినమంతయు పట్టవలసినది అంగడివాడు కాడు గదా! అర అంగుళపు మొన, 18 వోల్టులు, ఆరువందల ప్రాంతపు విప్పుబలము గలదానిని, అయిదు ఆంపియరు-గంటల బాటరీలు రెండింటిని, సాకెట్లను తీసికొంటిమి. మిగిలిన సొమ్ముతో టార్కురెంచి కావలెనంటిమి.

"అదెందుకు వదినా? గన్నుతోనే క్షణములో బిగింతుము" అని చిన్నవారనిరి. "ఆనాటి రాత్రి ఆ నట్లను బిగించినదియు గన్నే గదా!" యని మేమంటిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట తామే పోయి టార్కురెంచి యేరి తెచ్చిరి.

నాటినుండి మా షెడ్డున నియమ మొక్కటే: విప్పుట యంత్రముతో, బిగించుట చేతితో. నట్టును ముందు వ్రేళ్లతో ఎక్కించి, ఒకదాని తరువాత దాని ఎదుటిదానిని బిగించుచు, చివర టార్కురెంచిని బండిపుస్తకములోని అంకెకు త్రిప్పి పట్టినచో, ఆ బలము చేరగనే అది టక్కుమనును. అంతటితో ఆపవలెను. ఎండకాలమున బాటరీలను షెడ్డురేకులక్రింద వదలక ఇంటిలో బియ్యపుడ్రమ్ము ప్రక్కన నీడలో ఉంచుచున్నాము. వేడెక్కినదానిని చల్లారినపిమ్మటనే చార్జింగు పెట్టుచున్నాము.

ఎనిమిది నెలలైనది. అప్పులో సగము తీరినది. మొన్న ఆ రాత్రి కారువారే చంటిబిడ్డనెత్తుకొని వచ్చిరి. ఆ కోడలు టక్కను చప్పుడు విని, "అదేమక్కా?" అని అడిగినది. మేము ఆమె కారు పుస్తకమే తెరచి 85 అను అంకె చూపితిమి. అంతవరకు ఆమె ఆ పుస్తకము తెరువనే లేదట. మీ యింటి బండి పుస్తకములోను అట్టి అంకె యుండును. ఒకసారి చూచి పెట్టుకొనుడు; టైర్లు మార్చు చోట, బిగించునప్పుడు దగ్గర నిలిచి అడుగుడు.