కల్చర్‌లో ఏమీ లేదన్నాక

హైదరాబాద్‌లో ఓ పెద్దాసుపత్రి యూరాలజీ ఓపీ. డాక్టరమ్మ నా ముందే ఒక పేషెంటు ఫైలు తిరగేశారు. ఏ మూత్రం కల్చర్ రిపోర్టు చూసినా క్రిములేవీ పెరగలేదనే ఉంది. దాని వెనకే మళ్లీ ఓ యాంటీబయాటిక్ చీటీ!

‘‘మంట నిజమేనమ్మా, ఇన్‌ఫెక్షనే లేదు. ఇక ఆ మాత్రలు ఆపేద్దాం.’’

‘‘ఆ మాటేదో మా ఇంట్లోవాళ్లకి చెప్పండి మేడం. నటిస్తున్నానంటున్నారు’’ అందామె.

ఈ జబ్బు పేరు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మూత్రాశయం లోపలి పొర దెబ్బతిని, మూత్రంలోని లవణాలు నరాలను రేపుతాయన్నది ఒక బలమైన వాదన.

ఇక్కడ మందుకన్నా ముందు చేతికిచ్చేది గళ్లు గీసిన కాగితం. మూత్రానికి ఎప్పుడు వెళ్లారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, నొప్పి ఎంత అన్నీ అందులో రాయాలి. ఒకామె కాగితంలో రాత్రంతా గంటకోసారి లెక్క ఉంది. ఎక్కడా 80 మి.లీ. దాటలేదు. కాఫీ, టీ, కారం, నిమ్మ, టమాటా, చింతపండు కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ రమ్మంటారు. ఏది పడదో మనిషిని బట్టి మారుతుంది.

పక్క గదిలో ఫిజియోథెరపిస్టు కటి కండరాలను వదులు చేయడం నేర్పుతున్నారు. నొప్పికి అవి బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి బిగించే కెగెల్ వ్యాయామాలు వద్దంటారు. నిద్రకూ నొప్పికీ కొందరికి చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తారు.

వీటితో తగ్గనివాళ్లకు మూత్రాశయంలోకే మందు ఎక్కిస్తారు. సిస్టర్ సన్నటి గొట్టంతో 50 మి.లీ. డీఎంఎస్‌ఓ ద్రావణం పంపి, పావుగంట ఆపుకోమన్నారు. కాసేపటికి పేషెంటు ఊపిరిలో వెల్లుల్లి వాసన! ఈ మందు గుణమే అంత. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 1978లో ఆమోదించింది. ఇదే జబ్బుకు 1996లో ఆమోదం పొందిన పెంటోసాన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే రెటీనా దెబ్బతినే ప్రమాదముంది. అందుకే కంటి పరీక్ష తప్పనిసరి.

కొందరికి సిస్టోస్కోపీలో, అంటే మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసినప్పుడు, ఎర్రటి పుండ్లు కనిపిస్తాయి. 1915లో వాటిని వివరించిన అమెరికన్ వైద్యుడు గై హన్నర్ పేరే వాటికి పెట్టారు. మత్తిచ్చి ఆ పుండ్లను కాల్చేస్తే చాలామందికి నెలల తరబడి ఉపశమనం దొరుకుతుంది. మళ్లీ వస్తే మళ్లీ కాల్చాలి.

పూర్తిగా నయమవుతుందని ఇక్కడ ఎవరూ మాటివ్వరు. నిద్రపట్టే రాత్రులు పెరగడమే వాళ్ల లెక్కలో గెలుపు. కల్చర్‌లో ఏమీ లేకపోయినా మంట తగ్గకపోతే మరో యాంటీబయాటిక్ కొనకండి, యూరాలజిస్టును కలవండి. రక్తం పడితే అసలు ఆలస్యం వద్దు. క్యాన్సర్ కాదని ముందు తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్లకూ ఒక మాట: రిపోర్టు బాగున్నంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదు. ఆమె చెప్పేది నమ్మండి. వైద్యం అక్కడే మొదలవుతుంది.