ఫీజు తీసేస్తే సరిపోదు

అట్లాంటా ఉత్తర శివార్లలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో పిల్లల్ని పేరున్న సాకర్ క్లబ్బులో చేర్చాలంటే ఏడాదికి రెండు మూడు వేల డాలర్లు పక్కన పెట్టుకోవాలి. యూనిఫాం ఖర్చు వేరు, టోర్నమెంటు ఫీజులు వేరు, పక్క రాష్ట్రంలో మ్యాచ్ పడితే హోటలు బిల్లు వేరు. యాస్పెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల 'ప్రాజెక్ట్ ప్లే' లెక్క ప్రకారం, పిల్లలు ఆటలాడే అమెరికన్ కుటుంబం 2024లో బిడ్డ ముఖ్యంగా ఆడే ఒక్క ఆట మీదే సగటున 1,016 డాలర్లు ఖర్చు పెట్టింది. 2019తో పోలిస్తే ఇది 46 శాతం ఎక్కువ. ఒక్క బంతి ఉంటే వీధిలో పది మంది ఆడుకోగల ఆట ఈ దేశంలో జీతాలు బాగా వచ్చేవాళ్ల పిల్లల ఆట అయిపోయింది. ఇది నాకు మొదటినుంచీ మింగుడు పడని విషయం.

మా అబ్బాయి అలాంటి క్లబ్బులోనే ఆడాడు. వాడికి మంచి శిక్షణే దొరికింది, దాన్ని తప్పుపట్టను. కానీ బస్సెక్కి ఆటకొచ్చే పిల్లలు, రాత్రి షిఫ్టు చేసే అమ్మానాన్నల పిల్లలు వాడి జట్టులో నాకెప్పుడూ కనపడలేదు. వాళ్లు ఎక్కడ ఆడుతున్నారో చూడాలంటే క్లార్క్‌స్టన్ వెళ్లాలి.

మా ఇంటి నుంచి ముప్పావు గంట ప్రయాణం. చుట్టాలొస్తే మనం తీసుకెళ్లి చూపించే స్టోన్ మౌంటెన్‌కి దగ్గర. పప్పులకీ పచ్చళ్లకీ డెకేటర్‌లోని పటేల్ ప్లాజాకి వెళ్లొచ్చే పాతకాలపు తెలుగువాళ్లంతా ఆ ఊరికి కొద్ది మైళ్ల దూరం దాకా వచ్చినవాళ్లే. అద్దెలు తక్కువ, అట్లాంటాలో పనులకు దగ్గర, కారు లేనివాళ్లకు బస్సు ఉంది. అందుకే శరణార్థులకు నిలువనీడ చూపించే సంస్థలు దశాబ్దాలుగా ఆ ఊరిని ఎంచుకున్నాయి. వియత్నాం, బోస్నియా, సోమాలియా, కాంగో, బర్మా, భూటాన్, సిరియా, అఫ్గానిస్తాన్ నుంచి కుటుంబాలు వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. పెద్దవాళ్లలో చాలామంది తెల్లవారకముందే వ్యాన్లెక్కి ఉత్తర జార్జియాలోని కోళ్ల ఫ్యాక్టరీలకు పనికి పోతారు. బడి బస్సు పిల్లల్ని అపార్టుమెంటు గేటు దగ్గర దించేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు, లేదా నైట్ షిఫ్టుకు పోవాల్సిన నాన్న నిద్రలో ఉంటాడు. మూడు నుంచి ఆరు దాకా ఆ పిల్లల్ని పట్టించుకునే పెద్దదిక్కు ఉండదు. బడి తర్వాతి సాకర్ నిలబడాల్సింది ఆ మూడు గంటల్లోనే.

క్లార్క్‌స్టన్‌లో సాకర్ అంటే లూమా ముఫ్లే పేరు చెప్పాలి. జోర్డాన్‌లో పుట్టి, చదువుకోసం అమెరికా వచ్చి, ఇక్కడే ఆశ్రయం కోరి ఉండిపోయిన ఆవిడ 2004లో దారి తప్పి ఒక అపార్టుమెంటు ఆవరణలోకి కారు తిప్పారు. పిల్లలు కొందరు చెప్పులైనా లేకుండా, రాళ్లనే గోల్‌పోస్టులుగా పెట్టుకుని, చివికిపోయిన బంతితో ఆడుతున్నారు. ఆవిడ కారులోంచి మంచి బంతి తీసి వాళ్లతో కలిసి ఆడారు. అక్కడ మొదలైంది 'ఫ్యూజీస్' జట్టు. ఆ పిల్లల్లో కొందరికి చదవడమే రాదని తెలిశాక ప్రాక్టీసుకు ముందు చదువు తప్పనిసరి చేశారు, చివరికి వాళ్లకోసం ఒక బడే పెట్టారు. 2006లో ఆ ఊరి మేయరు పార్కులో సాకర్ ఆడనివ్వనన్నారు, అది బేస్‌బాల్ కోసమేనన్నారు. మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో వారెన్ సెయింట్ జాన్ రాసిన కథనంతో ఆ గొడవ దేశమంతా తెలిసింది. 2009లో ఆయన దాన్నే 'అవుట్‌కాస్ట్స్ యునైటెడ్' పేరుతో పుస్తకంగా తెచ్చారు.

ఆ కథలో నన్ను పట్టుకున్నది గెలుపోటములు కావు. ఆవిడ పిల్లల్ని తన బండిలో ఇంటికి దింపారు. ఇంగ్లీషు రాని తల్లులకు ఉత్తరాలు చదివి పెట్టారు. ఆటకు పిల్లలు రావాలంటే ఆట చుట్టూ ఉన్న పనులన్నీ ఎవరో ఒకరు చేయాలి. ఉచితం అని బోర్డు పెట్టేసి, పిల్లలు రాలేదంటే తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనేవాళ్లను ఇక్కడ చాలామందిని చూశాను. ఆ మాట అన్యాయం.

నేను సాయానికి వెళ్లే కార్యక్రమం చిన్నది. అపార్టుమెంట్ల వెనక, బడికి చెందిన గడ్డి మైదానంలో వారంలో రెండు సాయంత్రాలు నడుస్తుంది. అక్కడికి వెళ్లాకే ఫీజు కన్నా ముందు ఎన్ని గోడలున్నాయో అర్థమైంది.

మొదటి గోడ దరఖాస్తు. ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో, నాలుగు పేజీలు. ఫ్యామిలీ డాక్టరు పేరు, ఇన్సూరెన్సు నంబరు, అత్యవసరంలో పిలవాల్సిన ఇద్దరి ఫోన్లు. శిబిరాల్లో పుట్టిన పిల్లల కాగితాల్లో పుట్టినరోజు తరచుగా జనవరి 1 అనే ఉంటుంది, అసలు తేదీ ఎవరూ రాసి పెట్టలేదు కాబట్టి. పుట్టిన తేదీని బట్టి జట్లు విడదీసే పద్ధతిలో అలాంటి పిల్లవాడు తనకన్నా తలెత్తు పొడుగున్నవాళ్ల మధ్య పడొచ్చు. ఇక్కడ కోచ్‌లు కాగితం పక్కన పెట్టి పిల్లవాణ్ణి చూసి జట్టు మారుస్తారు. దరఖాస్తు ఒక్క పేజీకి కుదించి, మైదానం పక్కనే మడత బల్ల వేసుకుని, తల్లి చెబుతుంటే మేమే రాస్తాం. సమాచారమంతా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతాం. నేపాలీలో ఒకటి, స్వాహిలీలో ఒకటి, దరీలో ఒకటి. ఏ భాషా చదవడం రాని అమ్మమ్మకు కూడా అది చేరుతుంది.

రెండోది తిండి. మొదట్లో ఎవరో దాతలు పంపిన పండ్ల రసం గమ్మీల పెట్టెలు వచ్చాయి. మనలో శాకాహారుల ఇళ్లలో లేబుల్ వెనక జెలటిన్ ఉందా అని వెతకడం అలవాటే కదా. అది పంది చర్మం నుంచి కూడా తీస్తారని ఇక్కడికొచ్చిన కొత్తలోనే తెలుసుకుంటాం. నేను చదివి చెప్పాను. సోమాలీ, అఫ్గాన్ పిల్లలు అప్పటికే వాటిని ముట్టుకోకుండా పక్కన పెట్టేశారని అప్పుడు గమనించాం. ఎవరూ ఏమీ అనలేదు, ఆకలితోనే ఆడారు. ఇప్పుడు అరటిపళ్లు, నారింజలు, వేయించిన శనగలు పెడుతున్నాం. ఎవరి మతానికీ అడ్డు రాదు, ఖర్చూ తక్కువ. 2025లో రంజాన్ దాదాపు మార్చి నెలంతా ఉంది, వసంతకాలపు సీజన్ మొదలయ్యేదీ అప్పుడే. ఉపవాసం ఉన్న పెద్దపిల్లల్ని పరుగులు పెట్టించకుండా చిన్నపిల్లలకు నేర్పే పని అప్పగించారు మా కోచ్. వాళ్లలో కొందరు తర్వాత కూడా ఆ పని వదల్లేదు.

అన్నిటికన్నా కష్టమైనది ఆడపిల్లల రాక. హిజాబ్‌తో గానీ, తలపాగాతో గానీ ఆడొచ్చని అంతర్జాతీయ నిబంధనలు 2014లోనే మారాయి. అడ్డం వస్తున్నది నిబంధన కాదు, ఇంట్లో పని. భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబం ఒకటి ఉంది. పదేళ్ల పిల్ల కంచె బయట నిలబడి ఆట చూస్తుండేది, చంకలో రెండేళ్ల తమ్ముడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేది. వాళ్ల నాయనమ్మతో నేను హిందీలో మాట్లాడాను. ఆవిడకు హిందీ బాగానే అర్థమవుతుంది, సినిమాల పుణ్యమా అని.

"ఆమా, పిల్లను పంపించండి. డబ్బేమీ కట్టక్కర్లేదు" అన్నాను.

"డబ్బు మాట కాదమ్మా. ఇది ఆటకెళ్తే వీణ్ణి ఎవరు చూస్తారు? నా మోకాళ్లు చూడు. చీకటి పడితే ఎట్లా? అంతా మగపిల్లలే ఉంటే ఎట్లా?"

ఆవిడ అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటీ కొట్టిపారేయాల్సింది కాదు. చిన్నవాళ్లకోసం మైదానం మూలన నాలుగు కోన్లు పెట్టి, మెత్తటి బంతులు వేసి, ఒక వలంటీరును కూర్చోబెట్టాం. అమ్మాయిలకు విడిగా ఒక గంట, కాలేజీలో ఆడిన ఒకమ్మాయి కోచ్‌గా. అపార్టుమెంటు బాల్కనీల నుంచి కనిపించే వైపే వాళ్ల ఆట, వెలుతురు ఉండగానే ముగింపు. ఆ పిల్ల తమ్ముణ్ణి కోన్ల మధ్య దించి బూట్లు వేసుకుంది. నాయనమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఆ పిల్ల ఎడమకాలితో వేసే పాస్ చూస్తే మగపిల్లలు కూడా దారి ఇస్తారు. ఈ మార్పులకు మాకు అయిన ఖర్చు రెండు బంతులు, నాలుగు కోన్లు. ముందుగా కావలసింది ఆవిడ మాట కూర్చుని వినే మనిషి.

ఇక రవాణా. దీనికి అట్లాంటాలోనే ఒక గొప్ప జవాబు దొరికింది. 1989లో మొదలైన 'సాకర్ ఇన్ ద స్ట్రీట్స్' అనే సంస్థ, నగరంలో రైళ్లు నడిపే మార్టాతో కలిసి స్టేషన్ల దగ్గరే చిన్న మైదానాలు కట్టడం మొదలుపెట్టింది. మొదటిది 2016లో, నగరం నడిబొడ్డున ఫైవ్ పాయింట్స్ స్టేషన్ పక్కన. పిల్లవాడు రైలు దిగితే మైదానంలో ఉంటాడు, అమ్మ సెలవు పెట్టి కారులో దింపక్కర్లేదు. నాకు తెలిసినంతలో పేద పిల్లల ఆట గురించి ఈ దేశంలో చేసిన తెలివైన ఆలోచన ఇదే. మిగతా నగరాల్లోనూ మంచి ప్రయత్నాలున్నాయి. 1994లో వాషింగ్టన్‌లో ఒక టీచర్ మొదలుపెట్టిన 'అమెరికా స్కోర్స్' పిల్లలకు సాకర్‌తో పాటు కవిత్వం రాయడం నేర్పుతోంది. 2006లో ఓక్లండ్‌లో పుట్టిన 'సాకర్ వితౌట్ బోర్డర్స్' ముఖ్యంగా కొత్తగా దేశానికొచ్చిన పిల్లలతో పనిచేస్తుంది, 2017లో ఫిఫా డైవర్సిటీ అవార్డు అందుకుంది.

ఇలాంటి ప్రయత్నం మన దగ్గరా ఉంది. మాది అనంతపురం. అక్కడ విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్డీటీ సంస్థ, పల్లెల్లోని దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు ఆటల మైదానాలు, ఫుట్‌బాల్ శిక్షణ, చదువు, హాస్టలు కలిపి అందించింది. కరువు జిల్లాలో పుట్టిన ఆడపిల్లలు బూట్లు కట్టుకుని పచ్చగడ్డి మీద పరిగెత్తడం చూసినవాళ్లకు నేను చెప్పేది కొత్తగా ఉండదు. మైదానం ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు వాళ్లు, తిండీ పడకా బడీ దాని పక్కనే పెట్టారు. క్లార్క్‌స్టన్‌లో కావలసిందీ అదే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బడి తర్వాతి కార్యక్రమాలు చాలావరకు విరాళాల మీద, కొంత కేంద్ర ప్రభుత్వ నిధుల మీద నడుస్తాయి. 2025 జులైలో ఆ కేంద్ర నిధుల్ని కొన్ని వారాలు ఆపి తర్వాత వదిలారు. కొత్త శరణార్థుల రాకను ఆ ఏడాది జనవరిలోనే నిలిపేశారు, దాంతో వాళ్లను ఆదుకునే సంస్థలూ చితికిపోయాయి. అప్పటికే వచ్చేసిన పిల్లలు మాత్రం రోజూ మూడింటికి బస్సు దిగుతూనే ఉన్నారు. అదే అట్లాంటాకు 2026 ప్రపంచ కప్‌లో సెమీఫైనల్‌తో కలిపి ఎనిమిది మ్యాచ్‌లు దక్కాయి. నగరం దానికి గర్వపడింది, నేనూ గర్వపడ్డాను. ఆ స్టేడియానికి పదిహేను మైళ్ల లోపు ఉన్న పిల్లలకు కాలికి సరిపడే బూట్లు కూడా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

బూట్ల సంచి గురించి ఒక మాట. మా దగ్గర రెండు పెద్ద డఫెల్ బ్యాగులున్నాయి. ఒక్కో జత మీదా తెల్ల టేపు అంటించి సైజు రాసి ఉంటుంది. వారం వారం పిల్లలు వచ్చి తీసుకుంటారు, ఆట అయ్యాక మట్టి దులిపి తిరిగి వేస్తారు. మూడు నుంచి ఐదు సైజుల మధ్యవి ఎప్పుడూ చాలవు. సరిపోనివాళ్లు ముందు భాగంలో సాక్సు కూరుకుని ఆడతారు. మన గరాజుల్లో ఏడాదికొక జత చొప్పున పిల్లలకు చిన్నవైపోయిన బూట్లు, షిన్ గార్డులు ఊరికే పడి ఉంటాయి. అవి సరిగ్గా ఆ సైజులే.

అట్లాంటాలోనే కాదు, మీరు ఏ ఊళ్లో ఉన్నా ఇలాంటి కార్యక్రమం ఒకటి దగ్గర్లో ఉంటుంది. ముందుగా వాళ్లు మీ నేపథ్యం తనిఖీ చేస్తారు, పిల్లల భద్రత గురించి ఒక ఆన్‌లైన్ శిక్షణ అడుగుతారు, ఓపిగ్గా పూర్తిచేయండి. మీకు సాకర్ రాకపోయినా పర్వాలేదు. దరఖాస్తు నింపడానికి, పళ్లు కోయడానికి, చిన్నపిల్లల్ని చూసుకోవడానికి మనుషులు కావాలి. మన తెలుగు సంఘాలు బడి పిల్లలకు బ్యాగులు పంచుతున్నాయి, అన్నదానాలు చేస్తున్నాయి. ఈ ఏడాది పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే ఒక వ్యాను, దాని డ్రైవరు జీతం ఒక్క సీజనుకు భరించమని మీ సంఘంలో అడగండి. బూట్లైతే ఈ శనివారమే ఇవ్వొచ్చు.