మహేశ్వరం బండ కింద నీటి లెక్క

హైదరాబాద్‌కు దక్షిణాన, శంషాబాద్ విమానాశ్రయం దాటి పోతే మహేశ్వరం వస్తుంది. రోడ్డు పక్కన ప్లాట్ల హద్దురాళ్లు, వాటి వెనక వరి మడులు, మధ్యమధ్య గుండ్ల గుట్టలు. బయటివాళ్లకు ఇది నగరం మింగేస్తున్న మరో మండలం. అంతర్జాతీయ జలశాస్త్ర పత్రికలు చదివేవాళ్లకు మాత్రం ఈ పేరు బాగా పరిచయం. 1999లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టాక, ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. అంత చిన్న ప్రాంతంలో 700కు పైగా సాగు బోర్లు ఆ పరిశోధనల్లో లెక్కతేలాయి. ఏడాది పొడవునా పారే వాగు ఒక్కటీ లేదు. సాగంతా బండ కింది నీటి మీదే.

ఆ నీటిమట్టం రేపు ఎక్కడుంటుందో చెప్పే గణితాన్ని పుస్తకంలో కాక పొలంలో చూడాలని మేం వెళ్లాం. ఆ రోజు ఓ రైతు బోరు మీద పంపింగ్ పరీక్ష పెట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకరు, ఆమెకు సాయంగా ఇద్దరు కుర్రాళ్లు. మోటారు ఆడేది ఒక బోరులో, కొలిచేది దానికి 30 మీటర్ల దూరంలో ఎప్పుడో వదిలేసిన ఇంకో బోరులో.

“మోటర్ బంద్ చెయ్యకు కాకా, ఎవరొచ్చి చెప్పినా సరే” అని ఆమె ముందే మాట తీసుకుంది.

టేపు చివర ఉక్కు ముక్క. దాన్ని కేసింగ్ పైపులోకి దించుతూ పోతే నీళ్లు తగలగానే పైన రీలులోంచి కుయ్యిమని శబ్దం వస్తుంది. పైపు అంచు దగ్గర టేపు మీది అంకె చదవాలి, రాసుకోవాలి. మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి, తర్వాత ఐదు నిమిషాలకోసారి, ఆపైన గంటకు రెండుసార్లు. మొదట్లో ఒక్క రీడింగు తప్పినా పరీక్ష సగం పాడైనట్టే. అందుకే ఒకరు టేపు పట్టుకుంటే ఒకరు గడియారం చూస్తున్నారు, మూడోవాళ్లు రాస్తున్నారు. మోటారు నీళ్లు పోసే పైపు చివర 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే, బోరు ఎంత పోస్తోందో తెలుస్తుంది.

ఈ రీడింగుల్ని, కాలాన్ని లాగ్ కొలతలో చూపే గ్రాఫు మీద పెడితే వింత కనిపిస్తుంది. పంపింగ్ తగినంత సేపు సాగాక, కాలం పదింతలైన ప్రతిసారీ మట్టం దాదాపు అంతే పడుతుంది. అప్పటి నుంచి చుక్కలన్నీ ఒక గీత మీదికి వస్తాయి. ఆ గీత ఏటవాలు నుంచే, రాతిలో నీరు ఎంత సులువుగా కదులుతుందో తేలుతుంది. దాన్ని ట్రాన్స్‌మిసివిటీ అంటారు. ఉదాహరణకు బోరు రోజుకు 120 ఘనపు మీటర్లు పోస్తూ, కాలం పదింతలైన ప్రతిసారీ మట్టం 1.1 మీటర్లు పడితే, ఆ సంఖ్య రోజుకు సుమారు 20 చదరపు మీటర్లు.

ఈ గీత వెనకున్నది ఉష్ణ సమీకరణం. ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫూరియే 1822లో వేడి ప్రసారం మీద పుస్తకం వేసింది బోరుబావుల కోసం కాదు. 1935లో అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసే చార్లెస్ థైస్‌కు, నేలలో నీటి కదలిక, లోహంలో వేడి కదలిక ఒకే లెక్కకు లొంగుతాయని తట్టింది. క్లారెన్స్ లూబిన్ అనే గణితజ్ఞుణ్ని అడిగి వేడికి సంబంధించిన సాధన తెచ్చుకుని, దాన్ని బావికి అన్వయించాడు. ఇలాంటి బోర్ల పరీక్షలకు మూలం అదే. సమీకరణం చెప్పేది ఇంతే: ఒక చోట మట్టం చుట్టుపక్కల సగటు కంటే కిందుంటే అది పైకొస్తుంది, పైనుంటే దిగుతుంది. ఇలాంటివాటిని పరావలయ సమీకరణాలంటారు.

ఎంత వేగంగా అన్నది రాతి చేతిలో ఉంది. మహేశ్వరంలో పైన 10, 20 మీటర్ల మేర కుళ్లిన రాయి, మొరం. దాని కింద పగుళ్ల పొర. దాదాపు 40 మీటర్లు దాటాక నీరు పారే పగుళ్లు బాగా తగ్గిపోతాయని ఇక్కడి బోర్ల కొలతల్లో తేలింది. అప్పు చేసి వందల అడుగులు దింపుతున్న ప్రతి రైతుకూ చేరాల్సిన సమాచారం ఇది. పరిశోధన పత్రాల్లో ఉండిపోవడం బాధాకరం. ఇక రాయి నీటిని దాచుకునే శక్తి ఇక్కడ 1.4 శాతమే. మట్టం మీటరు పడితే చదరపు మీటరుకు దొరికేది 14 లీటర్లు. అలాగే 70 మిల్లీమీటర్ల వాన నిజంగా లోపలికి ఇంకితే మట్టం 5 మీటర్లు లేస్తుంది. గ్రానైటు నేలల్లో బోర్లు అంత త్వరగా ఎండడానికీ, ఒక మంచి వానకు మళ్లీ పొయ్యడానికీ కారణం ఈ చిన్న సంఖ్యే.

మధ్యాహ్నం వేపచెట్టు కింద ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. ఒక్క బోరుకు థైస్ సూత్రం చాలు. 700 బోర్లు, చెరువులు, చోటుకో రకం రాయి ఉన్నచోట ఏ సూత్రమూ సరిపోదు. అప్పుడు నేలను గళ్లుగా కోసి, కాలాన్ని అంగలుగా కోసి, గడి తర్వాత గడి లెక్కకట్టాలి. పరీవాహక ప్రాంతపు అంచు దాటి నీరు పోదనీ, చెరువు దగ్గర మట్టం ఇంతనీ సరిహద్దు షరతులు పెట్టాలి.

50 మీటర్ల గళ్లతో, పైన చెప్పిన రెండు సంఖ్యలతో, ఆమె అంగకు 10 గంటల చొప్పున లెక్క నడిపింది. బోరు చుట్టూ మట్టం నున్నగా గుంట పడింది. అంగను ఒక రోజుకు పెంచింది. నాలుగైదు అంగల్లోనే ఒక గడిలో నీళ్లు పాతాళానికి పోయాయి, పక్క గడిలో నేల మీదికి పొంగాయి. ఈ గళ్లకు హద్దు పదిన్నర గంటలు. అది దాటితే గడిలోని పాత మట్టం లెక్కలోకి రుణ సంఖ్యతో వస్తుంది, ఒక రోజు అంగకు మైనస్ 1.29తో. చిన్న తప్పు ప్రతి అంగకూ గుర్తు మార్చుకుంటూ పెరిగిపోతుంది. గడి సైజు సగం చేస్తే గళ్లు నాలుగింతలు, అంగ నాలుగో వంతు. మొత్తం పని పదహారింతలు.

దీన్నుంచి బయటపడే దారుల్లో పేరున్నది 1947లో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ ప్రచురించిన పద్ధతి. పాత మట్టాలనూ, ఇంకా తెలియని కొత్త మట్టాలనూ సగం సగం తీసుకుని, అన్ని గళ్లనూ ఒకేసారి సాధించాలి. అంగ ఎంత పెద్దదైనా లెక్క పేలిపోదు. కానీ మోటారు ఆన్ చేసిన క్షణంలాంటి చోట్ల పెద్ద అంగలతో కాసేపు ఊగిసలాడుతుంది. అమెరికా భూగర్భ సర్వే వారి భూగర్భజల ప్రోగ్రాం మాడ్‌ఫ్లో పూర్తిగా కొత్త మట్టాల మీదే ఆధారపడుతుంది. కొంత కచ్చితత్వం తగ్గినా ఊగదు.

అంతవరకు పక్కన కూర్చుని వింటున్న రైతు అప్పుడు నోరు విప్పాడు. “గదంత సరే బిడ్డా. పక్క చెల్కల బోరేసినంక నా బోరుల నీళ్లు తగ్గినయ్. ఆయన వల్లనే తగ్గినయా, కాదా? గది చెప్తదా నీ కంప్యూటర్?”

ఆమె తొందరపడలేదు. రాయి అంతటా ఒకేలా ఉంటే, ఒక్క రోజు పంపింగ్ ప్రభావం దాదాపు 57 మీటర్ల దాకా తెలుస్తుంది. రెండింతల దూరం పోవాలంటే నాలుగు రోజులు, నాలుగింతలకు 16 రోజులు. దూరం కాలపు వర్గమూలంతో పెరగడం ఈ సమీకరణాల స్వభావం. కాబట్టి ముందుకు లెక్క కట్టవచ్చు. వెనక్కి కట్టడమే కష్టం. పక్కపక్క బోర్ల వల్ల 200 మీటర్లకోసారి 3 మీటర్ల ఎత్తుపల్లాలు ఏర్పడ్డాయనుకుంటే, మోటార్లన్నీ ఆపిన 5 రోజులకు మిగిలే తేడా 3 మిల్లీమీటర్ల లోపే. టేపులో ఒక సెంటీమీటరు పొరపాటు పడితే, ఆ 5 రోజులు వెనక్కి లెక్కించేటప్పుడు అది 11 మీటర్లు దాటుతుంది. ఇవాళ్టి మట్టం చూసి నిన్నటి దోషిని పట్టడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. పాత మట్టాలు రాసిపెట్టి ఉంటేనే దారి.

రైతులు ఆ పని చేయగలరన్నది రుజువైన విషయం. 2003లో మొదలై, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) మద్దతుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఫామ్స్ ప్రాజెక్టులో రైతులే వాన కొలిచారు, బోర్ల మట్టాలు రాశారు, పంటకు ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోర్ల మధ్య దూరం గురించి మాట్లాడుతుంది. దూరం ఒక్కటే చాలదు, ఆ రెండిటి మధ్య రాయి ఎలాంటిదో కూడా తెలియాలి.

ఆ రాయి సంగతి తేలాలంటే ఈ రైతు బోరు ఆడుతుంటే పక్క చెలకలో కొలవాలి, తర్వాత తారుమారు చేయాలి. పరీక్షకు ముందు రెండు మోటార్లూ కనీసం ఒక రోజు ఆగి ఉండాలి, లేకపోతే అసలు మట్టం దొరకదు. పొట్టకొచ్చిన వరికి ఒక రోజు నీళ్లు ఆపమని ఎవరూ అడగలేరు. యాసంగి కోతలు అయ్యాక వస్తామని ఆమె చెప్పింది. పక్క చెలకాయనతో తానే మాట్లాడతానన్నాడు రైతు.