బొమ్మ పడుతుందా?

2008లో మా ఇంటికి పోస్టులో ఒక సీడీ వచ్చింది. గుణదల కొండ కింద సందుల్లో మా ఇల్లు కనుక్కోవడానికి కొరియర్ వాళ్ళు ఇప్పటికీ రెండుసార్లు ఫోన్ చేస్తారు. అలాంటిది ఎక్కడో విదేశంలో బయల్దేరిన అట్టకవరు ఎవర్నీ అడక్కుండా మా గుమ్మంలో పడింది. లోపల ఉబుంటు 8.04. కెనానికల్ అనే కంపెనీ అప్పట్లో అడిగినవాళ్ళందరికీ పైసా తీసుకోకుండా సీడీలు పంపేది, పోస్టేజీ కూడా వాళ్ళదే. 2011లో ఆపేశారు.

నేనేదో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మీద ప్రేమతో తెప్పించుకున్నానని అనుకోకండి. కారణం నాన్న షాపు. ఏలూరు రోడ్డు పక్క సందులో నాన్నకి చిన్న డీటీపీ సెంటరుండేది. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే వాల్‌పోస్టర్లు. వచ్చే ప్రతి కస్టమర్ చేతిలో ఒక పెన్‌డ్రైవ్, ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ‘న్యూ ఫోల్డర్’ అని ఒక వైరస్. ఫోల్డరే కదా అని నొక్కితే ఇక ఆ సిస్టం మన మాట వినదు. మిగిలిపోయిన పని నాన్న రాత్రిపూట ఇంటికి తెచ్చుకునేవాడు, దాంతోపాటు వైరస్ కూడా వచ్చేది. నెలకోసారి ఫార్మాట్ చేయడం, దొంగ విండోస్ సీడీ వేయడం. లినక్స్‌లో ఇవేవీ పనిచేయవని కాలేజీలో సీనియర్ ఒకడు చెప్పాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాను, సీనియర్ ఏం చెప్పినా నమ్మే వయసు.

షాపులోకి లినక్స్ రాలేదు. పేజ్‌మేకరూ, దాంతో వాడే తెలుగు ఫాంట్లూ అన్నీ విండోస్‌వే. ఇరవై ఏళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. “అక్షరం రాని కంప్యూటర్ నాకెందుకురా” అన్నాడు నాన్న. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దాంతో ఇంట్లో సిస్టంలో వేశాను. ఇన్‌స్టాలర్ ‘డిస్క్ మొత్తం చెరిపేయమంటావా’ అనడిగితే అవునన్నాను.

ఆ డిస్కులో మా తమ్ముడి వైస్ సిటీ ఉంది. పదో తరగతి పరీక్షల తర్వాత ఎండాకాలం సెలవులంతా కూర్చుని ఆడాడు, ఇంకో రెండు మూడు మిషన్లయితే అయిపోతుంది. బయటినుంచి వచ్చి, ఆన్ చేసి, గోధుమరంగు తెరని చూసి “అన్నయ్యా, నా గేమేదీ?” అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. పదహారేళ్ళ కుర్రాడు డాబా మీదికెళ్ళి గంట కూర్చున్నాడు. లినక్స్ మీద గేమ్స్ గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ గంట నుంచి మొదలైనవే.

వాడికి వైస్ సిటీ తిరిగి తెచ్చివ్వాలని వైన్ నేర్చుకున్నాను. వైన్ అంటే విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం అడిగే పనుల్ని లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చెప్పే పొర. 1993 నుంచీ కడుతూనే ఉన్నారు. బెజవాడ వాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు తిరిగినవాడెవడికైనా స్ట్రెయిట్ సినిమాకీ డబ్బింగ్ సినిమాకీ తేడా తెలుసు. పోర్ట్ అంటే స్ట్రెయిట్ సినిమా. ఆ కథని లినక్స్ కోసం మళ్ళీ తీస్తారు. వైన్ అంటే డబ్బింగ్. అసలు సినిమా అదే, పెదాలు కదిలేది వేరే భాషలో, వినపడేది మన భాషలో. ఆ రోజుల్లో నేను చేసిన డబ్బింగ్‌లో వైస్ సిటీ బొమ్మయితే పడింది కానీ సౌండ్ రాలేదు. తమ్ముడు ఐదు నిమిషాలు మూగ సినిమా చూసి “వద్దులే అన్నయ్యా” అని లేచాడు.

స్ట్రెయిట్ సినిమాలు తీసినవాళ్ళు లేకపోలేదు. 1998లో అమెరికాలో లోకి సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ పుట్టింది. వేరేవాళ్ళ గేమ్స్ హక్కులు తీసుకుని, లినక్స్‌కి మార్చి, డబ్బాల్లో పెట్టి అమ్మడం వాళ్ళ వ్యాపారం. సివిలైజేషన్: కాల్ టు పవర్, ఆల్ఫా సెంటారీ, హీరోస్ 3 లాంటివన్నీ చేశారు. కొనేవాళ్ళు సరిపోక 2002 జనవరిలో మూతపడింది. కానీ అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మాత్రం బతికింది. తెర, శబ్దం, కీబోర్డు, జాయ్‌స్టిక్ ఇవన్నీ ఏ సిస్టంలోనైనా ఒకేలా అందేట్టు చేసే సరంజామా అది. ఇవాళ లెక్కలేనన్ని గేమ్స్ దాని మీదే నడుస్తున్నాయి. హాలు పడగొట్టేసినా ప్రొజెక్టర్ మాత్రం ఊరంతా తిరుగుతోందన్నమాట.

2010 మేలో మొదటి హంబుల్ ఇండీ బండిల్ వచ్చింది. ఎంతిస్తే అంతకే గేమ్స్ ఇస్తామన్నారు. లినక్స్ వాడేవాళ్ళు సగటున విండోస్ వాళ్ళకంటే రెట్టింపు దాకా ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టరని పేరుపడ్డవాళ్ళు ఇలా చేయడం చూసి నాకు భలే గర్వమనిపించింది. (నేనిచ్చింది సున్నా. అప్పటికి నాకు డాలర్లు కట్టే కార్డు లేదు. గర్వానికి కార్డు అక్కర్లేదు కదా.)

స్టీమ్ లినక్స్‌కి అధికారికంగా వచ్చింది 2013 ఫిబ్రవరి 14న. తేదీ ఎందుకు గుర్తుందంటే, అంతకు మూడు రోజుల ముందే మేరీమాత ఉత్సవాలు ముగిశాయి. ఏటా 9, 10, 11 తేదీల్లో మా వీధిలో నిద్రుండదు. మైకులు, కొబ్బరికాయలు, జీళ్ళ బండ్లు, కొండెక్కే జనం. ఆ హోరంతా తగ్గిన నిశ్శబ్దంలో కూర్చుని డౌన్‌లోడ్ బారు చూస్తూ ఉండిపోయాను. విండోస్ 8 మీద వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్‌కి కోపమొచ్చింది కాబట్టి మనకీ భాగ్యం కలిగిందని తెలుసు. అయినా సరే. పెద్దవాళ్ళ కొట్లాటలో పిల్లలకి చాక్లెట్ దొరికితే వద్దంటారా?

తర్వాత అయిదేళ్ళు స్ట్రెయిట్ సినిమాల కాలం. అందులో నాకో చేదు అనుభవముంది. జీతం నుంచి డబ్బు పెట్టి కొన్న ఒక గేమ్ ఉంది, పేరు చెప్పను. పెట్టె మీద పెంగ్విన్ బొమ్మ చూసే కొన్నాను. ఏడాది బాగానే ఆడింది. ఉబుంటు కొత్త వెర్షన్‌కి మారగానే ఏదో పాత లైబ్రరీ దొరకలేదంటూ తెరుచుకోవడం మానేసింది. విండోస్ వెర్షన్‌కి అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, మాది మాత్రం విడుదలరోజు దగ్గరే ఆగిపోయింది. పోర్ట్ చేసింది బయటి కంపెనీ, కాంట్రాక్టు అయిపోయింది, కథ ముగిసింది. పోర్టుల అసలు జబ్బు ఇదే. మొదటి రోజు బొమ్మ వేయడం గొప్ప కాదు, రెండో ఏడాది రీలు తెగితే అతికించేవాడు కావాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు.

2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్ తెచ్చింది. వైనే, కాకపోతే దానికి డీఎక్స్‌వీకే అనే భాగం తోడైంది. విండోస్ గేమ్ డైరెక్ట్3డీలో గీయమన్న బొమ్మని వల్కన్‌లోకి మార్చి గీస్తుంది. ఫిలిప్ రెబోలే అనే అతను నీర్: ఆటోమాటా గేమ్‌ని లినక్స్‌లో ఆడుకోవాలనే కోరికతో మొదలుపెట్టాడు దాన్ని. నాది కూడా అదే కోరిక, నేను సౌండ్ దగ్గరే ఆగిపోయాను. ప్రోటాన్ వచ్చిన రోజున ఆడతాయని హామీ ఇచ్చినవి 27 గేమ్సే. ఇప్పుడు ఆడనివాటి జాబితా చెప్పడమే తేలిక. నా పెంగ్విన్ బొమ్మ గేమ్‌ని కూడా విండోస్ వెర్షన్ దింపి ప్రోటాన్‌లో పెట్టి చూశాను. శుభ్రంగా ఆడింది! నాకోసం తీసిన స్ట్రెయిట్ సినిమా మూలపడింది, ఎవరికోసమో తీసినదాని డబ్బింగ్ హౌస్‌ఫుల్. రజనీకాంత్‌కి మనో గొంతు అలవాటైపోయాక అసలు గొంతు వింటే మనకే కొత్తగా ఉంటుంది చూడండి, అలా అయింది నా పరిస్థితి.

అందుకే ‘నేటివ్ పోర్ట్ ఇవ్వకపోతే కొనం’ అనే పట్టుదల నేను వదిలేశాను. దీని మీద నాతో వాదించే స్నేహితులున్నారు. డబ్బింగ్‌కి అలవాటుపడితే ఇక ఎవడూ మనకోసం సినిమా తీయడంటారు. నిజమే. కానీ అనాథగా వదిలేసిన పోర్ట్ కంటే, రోజూ ఎవరో ఒకరు సరిచేస్తుండే డబ్బింగ్ నయం. డెవలపర్ల నుంచి నేనిప్పుడు కోరేది చాలా తక్కువ. మా భాషలో తీయొద్దు, డబ్బింగ్‌కి అడ్డం పడకండి చాలు. గేమ్ తెరిస్తే ముందు ఇంకో లాంచర్, దానికో అకౌంట్, దానికో అప్‌డేట్ పెట్టకండి. సగం గేమ్స్ చచ్చేది ఆటలో కాదు, ఆ గుమ్మం దగ్గరే.

‘లినక్స్ వాళ్ళు ఒక శాతం, ఫిర్యాదులు మాత్రం బోలెడు’ అనేది పరిశ్రమలో పాత పాట. నేను బతికేది టెస్టింగ్ ఉద్యోగంతో, కాబట్టి ఈ పాట నాకు రెండువైపుల నుంచీ వినపడుతుంది. దీనికి నాకు నచ్చిన జవాబు 2021 అక్టోబర్‌లో డెల్టా-వి: రింగ్స్ ఆఫ్ శాటర్న్ అనే చిన్న గేమ్ చేసిన డెవలపర్ ఇచ్చాడు. దాదాపు 12,000 కాపీలు అమ్మితే అందులో లినక్స్ వాళ్ళు 700 మంది. వచ్చిన బగ్ రిపోర్టులు 1,040 అయితే వాటిలో 400 వాళ్ళవే. ఇక్కడిదాకా పాత పాటే. కానీ ఆ 400లో లినక్స్‌లో మాత్రమే వచ్చే బగ్గులు మూడంటే మూడు! మిగతావి అందరికీ ఉన్న బగ్గులే, వీళ్ళు మాత్రం వివరంగా రాసి, లాగ్ జతచేసి పంపారు. పైసా ఇవ్వకుండా దొరికిన టెస్టర్లని అతను సంతోషపడ్డాడు. మా ఆఫీసులో బగ్ రాస్తే ‘మా మెషీన్‌లో రావట్లేదు’ అని మూసేసే డెవలపర్లకి ఈ లెక్క ఫ్రేము కట్టించి ఇవ్వాలనుంది.

ఇంతవరకూ అయితే సరదా గొడవే. అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది.

తమ్ముడు ఎంఎస్‌కని వెళ్ళి డల్లాస్‌లో స్థిరపడ్డాడు. మాకు ఆదివారం పొద్దున ఏడున్నర, వాడికి శనివారం రాత్రి తొమ్మిది. నాలుగేళ్ళపాటు ఆ సమయానికి ఇద్దరం ఒక షూటింగ్ గేమ్‌లో కలిసేవాళ్ళం. ఫోన్లో మాట్లాడుకోలేనివి అక్కడ మాట్లాడుకునేవాళ్ళం. “ఎడమవైపు ఒకడున్నాడు అన్నయ్యా, కాల్చెయ్... నాన్న కన్ను ఆపరేషన్ ఎప్పుడన్నావ్?” షాపు మూసేసిన సంగతి కూడా వాడికి అక్కడే చెప్పాను, ఒక గోడ చాటున దాక్కుని. ఫోన్లో అయితే ఇద్దరం ఏడ్చేవాళ్ళమేమో.

ఒక ఆదివారం గేమ్ తెరవలేదు. కొత్త యాంటీ-చీట్ వచ్చింది, లినక్స్‌కి ప్రవేశం లేదు. 2024 అక్టోబర్ 31న, దీపావళినాడు, అపెక్స్ లెజెండ్స్ కూడా ఇదే పని చేసింది. లినక్స్ దారిలో మోసగాళ్ళు ఎక్కువగా వస్తున్నారు, పట్టుకోవడం కష్టంగా ఉందని కారణం చెప్పారు. నిజాయితీగా ఒప్పుకోవాలంటే ఇందులో కొంత నిజముంది. లినక్స్‌లో కెర్నెల్ నా సొంతం. విప్పి, మార్చి, మళ్ళీ బిగించుకోవచ్చు. ఇంటి తాళాలు నా దగ్గరున్నప్పుడు నా ఇంట్లో కూర్చున్న కాపలావాడు నన్నెలా నమ్ముతాడు? అసలు కాపలావాణ్ణి నా పడగ్గదిలో ఎందుకు పెట్టాలనేది నా ప్రశ్న. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్ళి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కెర్నెల్‌లో కూర్చోబెట్టినవాడు తూలితే ఇల్లే కూలుతుంది. ఒక ఆట కోసం ఆ చోటు ఇవ్వాలా? ఈజీ యాంటీ-చీట్, బాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌లో పనిచేసే వీలు 2021 నుంచే ఉంది. వాడుకోవాలా వద్దా అన్నది డెవలపర్ ఇష్టం. చాలామందికి ఇష్టం లేదు. అదీ సంగతి.

“ఒక చిన్న డిస్క్ కొని విండోస్ వేసుకో అన్నయ్యా, ఆదివారానికొకసారేగా” అన్నాడు తమ్ముడు. కొన్నాను కూడా. టేబుల్ సొరుగులో సీలు విప్పకుండా ఉంది. సిద్ధాంతమో, మొండితనమో, రేపు వేద్దాంలే అన్న బద్ధకమో, నాకే తెలీదు. కానీ మూడు నెలలు మా ఆదివారాలు ఉత్తుత్తి ఫోన్ కాల్స్ అయిపోయాయి. “ఏంటి సంగతులు”, “ఏమున్నాయ్, మామూలే”.

మొన్నామధ్య అర్ధరాత్రి వాడే ఫోన్ చేశాడు. స్టీమ్ డెక్ కొన్నాడట. పిల్లని నిద్రపుచ్చుతూ పక్కమీద పడుకుని ఆడుకోవచ్చని.

“అన్నీ ఆడుతున్నాయి అన్నయ్యా, మన గేమొక్కటే తెరుచుకోవట్లేదేంటి?”

“అందులో ఉండేది లినక్స్ రా.”

కాసేపు మాట లేదు. పెద్దగా నవ్వాడు. నవ్వి, “పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ నా డిస్క్ చెరిపేశావు కదా” అన్నాడు. డాబా మీద కూర్చున్న ఆ గంట గురించి మా ఇద్దరిమధ్యా మాట రావడం అదే మొదటిసారి. సారీ చెబుదామనుకున్నాను. “ఆ రెండు మిషన్లూ పూర్తి చేశావా మరి?” అని అడిగాను.

“లేదు. మళ్ళీ మొదట్నుంచీ ఆడబుద్ధి కాలేదు.”

ఇప్పుడు సూపర్‌టక్స్‌కార్ట్ ఆడుతున్నాం. పెంగ్విన్ కారు తోలే ఉచిత గేమ్, యాంటీ-చీట్ లేదు. వాడి కూతురు ఒళ్ళో కూర్చుని బటన్లన్నీ నొక్కేస్తుంది, దాంతో వాడి కారు వెనక్కి పోతుంది. నాన్న కాఫీ గ్లాసుతో నా వెనక నిలబడి ఎవరు గెలుస్తున్నారని అడుగుతాడు. పోయిన ఆదివారం ఆయన ఇంకొకటి అడిగాడు. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళున్న హార్డ్‌డిస్క్ అల్మరాలో ఉందట, తమ్ముడి శుభలేఖ ఒక్కసారి చూడాలనుందట, నీ కంప్యూటర్‌లో తెరుచుకుంటుందా అని.

వైన్‌లో పెట్టి చూశాను. పేజ్‌మేకర్ తెరుచుకుంది. అక్షరాలింకా రాలేదు. పాత సీడీల డబ్బాలో ఆ ఫాంట్ల కోసం వెతుకుతున్నాను.