గోదారి ఒడ్డున గురువుగారి సింహాసనం

నిజామాబాద్ దాటి రైలు గోదావరి వంతెన ఎక్కగానే మా పెట్టెలో సగంమంది కిటికీల దగ్గరికి చేరి రూపాయి బిళ్లలు నదిలోకి విసిరారు. బాసర రాగానే ఆ సగంమందీ దిగిపోయారు, పలకా బలపంతో ముస్తాబైన పిల్లలతో సహా. మేం కదలకపోయేసరికి ఎదుటి సీటు పెద్దావిడ దిగబోతూ ఆగి, "మీరెక్కడిదాకమ్మా?" అంది. నాందేడ్ అన్నాను. "అక్కడ మన గుడేముంది?" అని, జవాబు వినకుండానే దిగిపోయింది. వినేందుకు ఆగినా నా దగ్గర జవాబు లేదు. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ కన్నుమూసింది మన గోదావరి ఒడ్డునే అని ఎప్పుడో చదివాను, చూడాలనిపించింది, అంతే.

స్టేషన్ బోర్డు మీద ఊరి పేరొక్కటే ఉండదు, 'హుజూర్ సాహిబ్ నాందేడ్' అని ఉంటుంది. బయటికొచ్చి ఆటో అబ్బాయితో "గురుద్వారాకి" అన్నాం. "కౌన్సా?" అన్నాడు. భద్రాచలంలో దిగి గుడికి పోనివ్వమంటే ఏ గుడికని ఎవరైనా అడుగుతారా? అతను మాత్రం వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. సచ్‌ఖండ్, లంగర్ సాహిబ్, నగీనా ఘాట్, బందా ఘాట్, హీరా ఘాట్, సంగత్ సాహిబ్, మాతా సాహిబ్, మాల్ టేక్డీ... మావారు మధ్యలో ఆపి "పెద్దది" అన్నారు. "సబ్ బడేఇచ్ హై సాబ్" అన్నాడతను. అచ్చం చార్మినార్ దగ్గర వినే హిందీ! ఆలోచిస్తే వింతేమీ లేదు. 1956 అక్టోబరు ఆఖరు దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. రైల్వేవాళ్లయితే ఈ ఊరిని ఇప్పటికీ సికింద్రాబాద్ నుంచే చూసుకుంటున్నారు.

అతను దింపిన చోట పెద్ద తెల్లటి భవనం, లోపల వందలాది జనం. ఇదే కాబోలనుకుని నమస్కారాలు కూడా పెట్టేశాక తెలిసింది, అది లంగర్ సాహిబ్ అని. అసలుది ఇంకా లోపలికట. అక్కణ్ణుంచి సందుల్లో పడ్డాం. ఎటు తిరిగినా కిర్పాన్లు, ఇనప కడియాలు, రంగురంగుల తలపాగా గుడ్డలు, గురువుల క్యాలెండర్లు. ఒక కొట్లో అరచేతిలో పట్టే కత్తి నుంచి నా భుజం ఎత్తు కత్తి దాకా వరసగా వేలాడదీశారు, మన దగ్గర గాజుల కొట్లో గాజులంత మామూలుగా. దారి అడిగితే ఒకరు మరాఠీలో, ఇంకొకరు పంజాబీలో చెప్పారు. రెండు భాషల్లోనూ మాకు అర్థమైంది చెయ్యి చూపించిన వైపు మాత్రమే.

చివరికి సచ్‌ఖండ్ బంగారు గుమ్మటం కనబడింది. చెప్పులు అప్పగించి, నీళ్లలో పాదాలు తడుపుకుని, తల కప్పుకుని లోపలికి వెళ్లాలి. నాకు చీర కొంగుంది. మావారికి కాషాయం రంగు గుడ్డ ఇచ్చారు. ఆయన దాన్ని కట్టుకున్న తీరు చూసి అక్కడి కుర్రాడొకడు నవ్వాపుకుంటూ వచ్చి, "అంకుల్ జీ, ఐసే" అని తనే ముడివేసి సరిచేశాడు.

రెండంతస్తుల ఆ తెల్లని కట్టడాన్ని 1832, 1837 మధ్య పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ కట్టించాడు. దీన్ని తఖ్త్ అంటారు, అంటే సింహాసనం. సిక్కులకు అలాంటివి ఐదే. అమృత్‌సర్, ఆనంద్‌పూర్, తల్వండీ సాబో పంజాబ్‌లో ఉన్నాయి. పాట్నా గోవింద్ సింగ్ పుట్టిన ఊరు. ఐదోది ఇది. మరి పాట్నాలో పుట్టి పంజాబ్‌లో పోరాడిన మనిషి ఇంత దూరం ఎందుకొచ్చాడు? ఔరంగజేబు 1707లో పోయాడు. కొడుకు బహదూర్ షా గద్దెనెక్కాడు. తమ్ముడు కాంబక్ష్ హైదరాబాద్‌లో కూర్చుని నేనే రాజునన్నాడు. ఆ తమ్ముడి మీదికి బయల్దేరిన మొగలు సైన్యంతో పాటు గురువు కూడా దక్షిణానికి వచ్చారు. సైన్యం నడిచింది మన హైదరాబాద్ వైపే అన్నమాట. గురువు మాత్రం నాందేడ్‌లో ఆగిపోయారు. ఇక్కడే ఒక పఠాన్ కత్తితో పొడిచాడు. గాయానికి కుట్లు వేశారు, మానుతోంది కూడా. బలమైన విల్లు ఎక్కుపెట్టబోతే ఆ కుట్లు తెగిపోయాయని చెబుతారు. 1708 అక్టోబరు 7న వెళ్లిపోయారు. నా తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథ్ సాహిబే గురువు అని ప్రకటించింది కూడా ఇక్కడే. ప్రతి గురుద్వారాలోనూ పుస్తకానికి పరుపులు, పందిరి, వింజామర ఎందుకో నాకు ఇక్కడ నిలబడ్డాక బోధపడింది.

లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. గురువు చితి పేర్చిన చోటు మీదే కట్టారు దాన్ని. మన గర్భగుడి లాగే అందులోకి అందరూ పోకూడదు, పూజారులే వెళ్లాలి. వాళ్ల పెద్ద జీవితాంతం బ్రహ్మచారిగా ఉండాలి. అమీర్‌పేట గురుద్వారాలో నేను చూసింది గ్రంథం, కీర్తన, లంగరు భోజనం, అంతే. ఇక్కడ సాయంత్రం దీపాలతో హారతి ఇచ్చారు! నాకు చటుక్కున మా ఊరి గుడిలో ఉన్నట్టే అనిపించి చేతులు కళ్లకద్దుకున్నాను. పక్కన లూధియానా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్లావిడ కళ్లు పెద్దవి చేసుకుని, "హమారే ఉధర్ ఐసా నహీ హోతా" అని వాళ్లాయన చెవిలో అంటోంది. సిక్కుల క్షేత్రంలో పంజాబీ యాత్రికురాలు తెల్లబోతుంటే తెలుగుదాన్ని నేను కుదురుగా ఉన్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన క్షణం అదే.

దీనికి కారణం కాస్త చరిత్ర, ఎక్కువగా దూరం. పంజాబ్‌లో 1920ల్లో గురుద్వారాల సంస్కరణ ఉద్యమం వచ్చింది, 1925లో చట్టమూ వచ్చింది. గుడుల్లో చేసే తంతుల వంటివి అక్కడ చాలా పోయాయి. నైజాం రాజ్యంలో ఉన్న నాందేడ్ ఆ చట్టం కిందికి రాలేదు, తన పాత పద్ధతులు తను ఉంచుకుంది. గ్రంథ్ సాహిబ్‌తో పాటు ఇక్కడ దశమ గ్రంథం అనే మరో పుస్తకాన్నీ పెడతారు. దసరాకి మేకను కొడతారు. ఈ మాట వినగానే లూధియానా వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. బోనాలు, జాతరలు చూసి పెరిగిన నాకు ఏమీ అనిపించలేదు. ఈ గురుద్వారా నడవడానికి వేరే చట్టం కూడా ఉంది. 1956లో, రాష్ట్రం మూడు ముక్కలవడానికి కొద్ది ముందు, హైదరాబాద్ శాసనసభ చేసిన చట్టమే అది.

హారతి తర్వాత ఆయుధాల దర్శనం. దీనికోసమైనా మీరు సాయంత్రం దాకా ఉండాలి. లోపలి గదిలోంచి పూజారి ఒక్కో ఆయుధాన్నీ రెండు చేతులా పైకెత్తి, అది ఏమిటో బిగ్గరగా చెబుతూ చూపిస్తాడు. కత్తులు, బాణాలు, రత్నాలు పొదిగిన ఉక్కు డాలు. ప్రతిదానికీ జనం జయజయధ్వానాలు. మనకీ విజయదశమికి ఆయుధపూజ ఉంది, మనం మహా అయితే స్కూటర్‌కీ మిక్సీకీ బొట్టు పెడతాం. ఇక్కడ ఆయుధపూజ ప్రతిరోజూ, అదీ అసలు వాటికి. ఒక బాణం ఎత్తినప్పుడు దీపం వెలుగు దాని మొన మీద పడి, ఆ మెరుపు పూజారి గడ్డం మీద కదిలింది. నా వెనకాల పసిపిల్ల ఎవరో "ఔర్" అని అరిచింది.

అక్కడే ఒక తమాషా జరిగింది. "డాలు బరువెంత ఉంటుందో!" అని నేను మావారితో అంటే, ముందు నిల్చున్న నీలం తలపాగా పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏ ఊరు చెల్లె మనది?" అన్నాడు. శుద్ధమైన తెలంగాణ తెలుగు! వాళ్లది అత్తాపూర్ అట, తాతముత్తాతల నుంచీ అక్కడే. "మీరు తెలుగు ఎక్కడ నేర్చుకున్నారన్నా?" అన్నాను. "నేర్చుకునుడేంది, పుట్టుడే ఆడ పుట్టినం" అని నవ్వాడు. నైజాంకు సైన్యం అవసరమైతే దివాన్ చందూలాల్ హయాంలో రంజిత్ సింగ్ దళాలను పంపాడని, లాహోరీ ఫౌజ్ అనే ఆ దళాలతో వచ్చినవాళ్లే తమ పెద్దలని చెప్పాడు. అదీ ఈ తఖ్త్ కడుతున్న రోజుల్లోనే, 1832లో. "సిక్కుల ఖాల్సా దీక్ష మొదలైన 1699ల గురువు తలలడిగితే లేచిన అయిదుగురిల ఒకాయన మన బీదర్ ఆయనే, మంగలి సాహిబ్ చంద్" అన్నాడు గర్వంగా. బీదర్ నిన్నమొన్నటి దాకా హైదరాబాద్ రాష్ట్రమే కదా, ఆ 'మన' ఆయన నోట ఎంతో సహజంగా వచ్చింది.

లంగరుకు ఆయనే తీసుకెళ్లాడు. చాపల పట్టీల మీద బారులుగా కూర్చోవాలి. ఎవరి పక్కన ఎవరన్నది లేదు. నాకు ఒక పక్క మెడలో కెమెరా వేసుకున్న కుర్రాడు, ఇంకో పక్క కూలిపని చేసుకునే ముసలమ్మ. ఈ బంతి భోజనం నానక్ మొదలుపెట్టాడు, మూడో గురువు అమర్‌దాస్ ముందు బంతి, తర్వాతే దర్శనం అని స్థిరపరిచాడు. వడ్డించే కుర్రాడి చేతి కడియం పప్పు బక్కెట్ పిడికి తగిలి టంగుమంటుంటే, ఆ చప్పుడు వరస చివర్నుంచి మన దగ్గరికి నడిచి వస్తుంది. రొట్టె పళ్లెంలో వెయ్యరు. రెండు చేతులూ దోసిలి పట్టాలి, అందులో పెడతారు. నేను పళ్లెం ముందుకు జరిపితే కుర్రాడు రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్కనున్న ముసలమ్మ నా మణికట్లు పట్టుకుని దోసిలి పట్టించింది. నల్ల మినపపప్పు, కూర, పాయసం. అన్నం వస్తుందని మావారు చాలాసేపు తలుపు వైపు చూశారు. వచ్చింది కూడా, ఒక్క గరిటె. అదే మహాప్రసాదమన్నట్టు తిన్నారు.

ఈ లంగరు వెనక ఒక కథ ఉంది. నిధాన్ సింగ్ అనే భక్తుడు ఇక్కడ సేవ చేసి చేసి, ఇక పంజాబ్ వెళ్లిపోదామని నాందేడ్ స్టేషన్‌కి చేరాడట. అక్కడ గురువు కనబడి, వెనక్కి పోయి అన్నదానం నడపమన్నాడట. ఆయన రైలెక్కలేదు.

తెల్లవారుజామున లేవగలిగితే ఇంకోటి చూడొచ్చు. గోదావరి నుంచి గాగర్ అనే బిందె నిండా నీళ్లు మోసుకొస్తారు, తఖ్త్‌ను రోజూ ఆ నీళ్లతోనే కడుగుతారు. మేం చలికి ముడుచుకుని వీధి మలుపులో నిలబడ్డాం. ముందు దారి చేస్తూ కొందరు, వెనక గాగర్ మోసే సింగ్, చెప్పుల్లేని కాళ్లు, చకచకా నడక. గాగర్ అంచు దాటి తొణికిన నీళ్లు దుమ్ములో చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఇవే నీళ్లు కిందికి పోయి బాసరలో మనవాళ్లకు తీర్థమవుతాయి.

తెల్లారాక నది ఒడ్డుకు నడిచాం. నగీనా ఘాట్‌లో గురువుకు ఒక భక్తుడు విలువైన రత్నం ఇస్తే ఆయన దాన్ని నదిలోకి విసిరేశారట. ఇచ్చినవాడు నొచ్చుకుంటే, పోయి నీదేదో ఏరుకో అన్నారట. నీళ్లలో చూస్తే కుప్పలుగా రత్నాలు! బందా ఘాట్‌లో మాధవదాసు అనే బైరాగి ఆశ్రమం ఉండేది. గురువు అతణ్ణి 1708లో కలిసి, తన అమ్ములపొదిలోంచి అయిదు బాణాలిచ్చి పంజాబ్ పంపారు. రెండేళ్లు తిరక్కుండా, 1710లో, అతను సర్హింద్‌ను పట్టుకున్నాడు. బందా సింగ్ బహదూర్ అంటే ఆయనే. మిగతా ఘాట్లకు ఓపిక చాలక ఆటోలోంచే దండం పెట్టాం.

ఇక్కడ మరాఠీవాళ్లు కూడా పరాయి గుడి అనుకోరు. విఠలుడి భక్తుడు నామ్‌దేవ్ ఊరు నర్సీ పక్కనున్న హింగోలి జిల్లాలోనే ఉంది. ఆయన పదాలు 61 గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. 1430 పుటల ఆ గ్రంథంలో మన పొరుగు పాండురంగడి పాటలున్నాయని నేను అంతకుముందు ఎరగను.

మీరు వెళితే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌గానీ అజంతాగానీ ఎక్కండి, రెండూ మన వైపు నుంచే వెళతాయి. బాసర దర్శనమయ్యాక అయినా సరే, అక్కణ్ణుంచి రైల్లో సుమారు రెండు గంటలు. మగవాళ్లు ఒక పెద్ద చేతిరుమాలు సంచిలో వేసుకోండి. ఆటో అతనికి 'సచ్‌ఖండ్' అనే చెప్పండి, 'గురుద్వారా' అనకండి. దసరాకీ, దీపావళి ముందు తఖ్త్ స్నానానికీ జనం విరగబడతారు కాబట్టి గది ముందే చూసుకోవాలి. పొద్దున దర్శనం చేసుకుని మధ్యాహ్నం బండికి వచ్చేద్దాం అనుకుంటే మాత్రం అసలు వెళ్లకండి. హారతీ ఆయుధాలూ చూడకుండా వచ్చినవాళ్లు నాందేడ్ చూసినట్టు కాదు.