నివేదికలోని మాట

ఉద్యోగ సన్నద్ధత అంటే విషయాలను కంఠస్థం చేయడమేనని చాలామంది భావిస్తారు. ఇతరుల భవిత తమ మాటపై ఆధారపడే ఉద్యోగాలకు అంతమాత్రం చాలదు. ప్రొబేషన్ అధికారి పదవి అటువంటిది.

మా నాగారానికి సమీపంలోనే చర్లపల్లి కేంద్ర కారాగారం ఉన్నది. ఆ గోడను చూస్తూ పెరిగిన నా పూర్వ విద్యార్థిని ఒకరికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఆ పదవికి మౌఖిక పరీక్ష పిలుపు వచ్చింది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టాన్నీ, 2015 నాటి బాల న్యాయ చట్టాన్నీ ఆమె క్షుణ్ణంగా చదివింది. "మరి తెలుగు మాస్టారితో పనేమిటమ్మా?" అన్నాను. "నివేదిక రాయడం నేర్పండి సార్" అన్నది.

ఆ ఉద్యోగానికి ప్రాణం నివేదికే. నేరారోపణకు గురైన 18 ఏళ్లలోపు బాలుణ్ణి బాల న్యాయ మండలి ఎదుట తొలిసారి హాజరుపరచిన నాటినుండి 15 రోజులలో అతని ఇల్లు, చదువు, సావాసాలను విచారించి నివేదిక సమర్పించాలి. మండలి ఆ బాలుని ఇంటిని చూసేది అధికారి కళ్లతోనే.

అభ్యాసంగా ఒక కల్పిత బాలుని గురించి ఆమె రాసిన నివేదికలో "దొంగతనాలకు అలవాటుపడినవాడు" అని ఉన్నది.

"ఇది నీవు చూసినదా, విన్నదా?"

"ఇరుగుపొరుగువారు అన్నట్లు ఊహించాను సార్."

"అయితే వారన్నారనే రాయి. నీవు చూసినదేమిటో వేరుగా రాయి."

ఆమె ఆ వాక్యాన్ని కొట్టివేసి, "తండ్రి మరణించిన ఏడాది బడి మానివేశాడు, తల్లి రాత్రిపూట పనికి వెళుతుంది" అని రాసింది. నిందార్థక పదాలు వాడరాదన్నది బాల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లోని సూత్రాలలో ఒకటి. అది ఆమెకు కంఠస్థమే. కలానికి అప్పుడు వచ్చింది.

"సొమ్ము పోగొట్టుకున్నవారి మాటేమిటని అడిగితే?" అన్నాను. కొంత ఆలోచించి, "వారి నష్టాన్నీ రాస్తాను సార్. కారణం చెప్పడం నేరాన్ని దాచడం కాదు" అన్నది.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుని కథ ఉన్నది. చేయని దొంగతనానికి శూలశిక్ష అనుభవించిన ఆ ముని యమధర్మరాజును కారణమడిగాడు. బాల్యంలో పురుగులను గుచ్చిన పాపఫలమన్నాడు యముడు. పసితనపు తప్పుకు ఇంత దండనా అని ఆగ్రహించి, పద్నాలుగేళ్లలోపు చేసినది పాపం కాబోదని మాండవ్యుడు కట్టడి చేశాడు. యముణ్ణి శూద్రయోనిలో జన్మించమని శపించాడు, అతడే విదురుడు.

దండించేవాడు వయస్సునూ, పరిస్థితినీ తెలుసుకోవాలన్నది మనకు కొత్త ధర్మం కాదు. వాటిని మండలికి తెలియజేయవలసినవాడు ప్రొబేషన్ అధికారి. అందుకే ఆ పదవిని కోరేవారు చట్టంతోపాటు మాటను తూచడం కూడా అభ్యసించాలి.