బొమ్మల్లో నిలిచిన పేర్లు

పేర్ల గురించి ఒక విషయం చెప్పాలని రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

మెక్సికోలో నాహువా అనే మూలవాసులు ఉన్నారు. వాళ్ల భాష నాహువాట్ల్. 500 ఏళ్ల క్రితం వాళ్లు మనుషుల పేర్లని బొమ్మలతో రాసేవాళ్లు. చిమల్పొపొకా అనే రాజు పేరుకి పొగలు కక్కే డాలు అని అర్థం. డాలు గీసి, దాని చుట్టూ పొగ గీస్తే అదే ఆయన పేరు.

ఇది రాజులకే అనుకోకండి. 1521లో స్పెయిన్ వాళ్లు అజ్టెక్ రాజధానిని గెలిచారు. 1560లో వెహోట్‌సింకో ప్రాంతంలో పన్ను కోసం జనం లెక్క రాయించారు. ఆ పుస్తకం ఇప్పుడు పారిస్‌లో ఉంది. అందులో వేలమంది మామూలు మనుషుల తలలు వరసగా గీసి, పక్కన పేరు బొమ్మ వేశారు. అప్పటికే వాళ్లకి క్రైస్తవ పేర్లు పెట్టేశారు. అయినా పాత పేరు బొమ్మలో నిలిచింది.

స్పెయిన్ పేర్లని కూడా వాళ్లు తమ బొమ్మల్లోకే తెచ్చుకున్నారు. మెండోసా అనే వైస్రాయ్ పేరుకి వాళ్ల భాషలో అర్థం లేదు. అందుకని కిత్తలి లాంటి మొక్కని, బొరియలు తవ్వే ఒక రకం ఎలుకని గీశారు. మొక్క పేరు మెట్ల్, ఎలుక పేరు తోసాన్. కలిపితే మె-తోసా. పరాయి పేరుని తమ నోటికి తగ్గట్టు రాసుకున్నారన్నమాట.

మనకి జరిగింది దీనికి ఎదురు. నాహువా వాళ్లలో పుట్టిన రోజు గుర్తునే పేరుగా పెట్టుకునే ఆచారం ఉండేది. మా ఏజెన్సీలోనూ అంతే, సోమవారం పుడితే సోంబారి, గురువారం పుడితే గురుబారి. మా నాన్నమ్మ గురుబారి. రేషన్ కార్డులో మాత్రం గౌరమ్మ, ఎందుకంటే రాసినాయనకి ఆ పేరు నోరు తిరగలేదు. ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఈ తేడాతో ఆమె పింఛన్ రెండేళ్లుగా ఆగిపోయింది. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనొక్కడినే, కాగితాలు పట్టుకుని తిరిగేదీ నేనే. ప్రతి టేబుల్ దగ్గరా అసలు పేరేది అని అడుగుతారు. అసలు పేరు ఏ కాగితంలోనూ లేదు.

గౌరమ్మ అనే ఉంచేస్తే పని తొందరగా అవుతుందన్నారు. నాన్నమ్మని అడిగితే, "నన్ను పిలిచేది ఏదో అదే రాయిరా" అంది. గురుబారి అనే అర్జీ పెట్టాను. ఇంకా తేలలేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ పెద్దవాళ్ల పేర్లు, అవి ఎందుకు పెట్టారో అడిగి రాసుకోండి. వాళ్లు పలికినట్టే రాయండి.